నన్ను లేపితే కరుణను ఇస్తానన్నది

మా చర్చి సంఘంలో ఒక పద్ధతి ఉంది. మంచం పట్టి లేచినవాడు ఆదివారం ముందుకు వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఎంత బాధపడ్డాడో, ఎట్లా ప్రార్థించాడో, ఎట్లా లేచాడో చెప్పాలి. చివరికి అందరూ చప్పట్లు కొడతారు. నన్నూ అడిగారు. నేను చెప్పలేదు. నాది చప్పట్లకు సరిపోయే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను. ఏ ఆస్పత్రి వరండాలోనో చాప పరచుకుని కూర్చున్నవాళ్ళు ఇది చదివితే, దేవునికి మాట ఇచ్చే ముందు కాసేపు ఆగుతారేమోనని.

నేను బడికి పోలేదు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బస్తాలు మోశాను. ఆ బస్తాల మీద అచ్చు చూసే అక్షరాలు పట్టుకున్నాను. తరువాత పొట్లం కాగితాలు, పేపర్లు, ఆ తరువాత బైబిలు వాక్యం. వయసులో ఉన్నప్పుడు నన్ను సేవకు తీసుకోండని పెద్దల దగ్గరికి పోయి అడిగాను. సర్టిఫికెట్ ఉందా అన్నారు. లేదన్నాను. అయితే చర్చి ఊడ్వు అన్నారు. ఊడ్చాను. ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఆ మాట అన్నవాళ్ళ మొహాలు ఇంకా గుర్తున్నాయి.

ఫిబ్రవరి

మా రోడ్డు మీద చెరకు లారీలు ఇంకా తిరుగుతున్నాయి. ఒక పొద్దున పాల కోసం బయలుదేరాను. వెనక నుంచి మా మనవరాలు కరుణ అరిచింది.

"తాతా! నీ చెప్పు గాడ పడ్డది. ఒక్కటే ఏస్కొని పోతున్నవ్, సోయి లేదా?"

కిందికి చూశాను. నిజమే, కుడికాలికి చెప్పు లేదు. కంకర మీద నడుస్తున్నాను, కాలికి కంకర తెలియడం లేదు. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే వేరే ఎవరిదో అనిపిస్తుంది.

కరుణ మా బిడ్డకు బిడ్డ. మా బిడ్డ పోయింది. అల్లుడు మళ్ళీ పెళ్ళి చేసుకుని కమ్మర్‌పల్లి దిక్కు పోయాడు. పిల్ల చిన్నప్పటి నుంచీ నా దగ్గర, నా భార్య శాంతమ్మ దగ్గర పెరిగింది. అప్పుడు ఇంటర్ రెండో ఏడు. మా వీధిలో ఆడపిల్లలు టైలరింగో, నర్సు పనో అంటారు. ఈ పిల్ల మట్టి అంటుంది. రుద్రూరు పరిశోధన కేంద్రంలో ఒకసారి బడివాళ్ళు చెరకు మొలకలు చూపించారట. అప్పటి నుంచి వ్యవసాయం చదువుతానని ఒకటే పట్టు.

చెప్పు జారిన తరువాత కొద్ది రోజులకే మోకాళ్ళ దాకా తెలియకుండా పోయింది. మా వీధి డాక్టరు నరాల బలహీనత అన్నాడు, సూదులు వేశాడు. ఒక మధ్యాహ్నం బాత్‌రూంలో కూర్చున్నవాడిని లేవలేకపోయాను. శాంత తలుపు నెట్టుకుని వచ్చింది. ఆమె ఎత్తలేకపోయింది. పక్కింటి మనుషులు వచ్చి బట్టలు సరిగా లేని నన్ను ఎత్తి ఆటోలో వేశారు. సిగ్గు కలగాలి. కలగలేదు. ఎడపల్లి దాటేటప్పుడు ఆటో కుదుపులు నడుము పైనుంచే తెలుస్తున్నాయి, కింద ఎవరి కాళ్ళో తెచ్చి పెట్టినట్టుంది.

మార్చి

నిజామాబాద్‌లో ఏ ఆస్పత్రో పేరు అవసరం లేదు. వాళ్ళ పని వాళ్ళు చేశారు. జబ్బు పేరు కూడా చెప్పారు, నాకు నోరు తిరగలేదు. కాళ్ళ నుంచి పైకి ఎక్కుతుందని, ఎక్కినంత ఎక్కి మళ్ళీ దిగవచ్చని చెప్పారు. ఛాతీ దగ్గర ఆగుతుందా, దాటుతుందా అన్నదే సంగతి. చేతులు పోయాయి. తరువాత మాట పోయింది. ముఖం మీద మాస్క్ పెట్టారు. తల మాత్రం కదిలేది.

పక్క మంచం పోశెట్టిది. రెంజల్ సంతలో స్టీలు సామాన్లు అమ్ముతాడు. నా కంటే చిన్నవాడే, ఊపిరితిత్తులు నిండిపోయి వచ్చాడు. ఊపిరి అందకపోయినా నోరు ఆగేది కాదు.

"ఓ తాతా! మీ దేవునికి మేకలు పనికి రావంట గద? మా పోచమ్మకు నా పెండ్లాం మేకను మొక్కింది. ఒక్క మేక. సస్తాల తేలిపోతది. నువ్వు గూడ మా దిక్కు రారాదు!"

నేను కళ్ళు ఆర్పేవాణ్ణి. అతను దాన్ని నవ్వు కింద లెక్క వేసుకునేవాడు.

ఒక ఉదయం ఆ మంచం ఖాళీగా ఉంది. దుప్పటి కొత్తది పరిచారు. అతని భార్య ఫ్లాస్కు కోసం వచ్చింది. వరండాలో తాను పరుచుకున్న చాప తీసుకుపోయి శాంత చేతిలో పెట్టిందట.

"నాకిగ ఏం పనుంది అక్కా. నువ్వు బండ మీద పంటున్నవ్, నడుము పడిపోతది. ఉంచుకో."

భర్త పోయిన ఆడమనిషి ఇంకొకరి నడుము గురించి ఆలోచించింది. ఆమె పేరు కూడా మేము అడగలేదు.

ఆ మధ్యాహ్నమే, లోపలికి పంపే వేళకు, శాంత నా మంచం దగ్గరికి వచ్చింది. మంచం ఇనుప కమ్మీ రెండు చేతులతో పట్టుకుంది. నేను నిద్రలో ఉన్నాననుకుందో, లేననుకుందో. నిదానంగా, మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ప్రభువా, గామె మేకను మొక్కింది, ఇనలేదు. నేను మేకను మొక్కుతలేను. నా కరుణను నీ సేవకు ఇస్త. పెండ్లి అడగ, సంసారం అడగ. తెల్ల చీర కట్టి నీకే ఇడిసిపెడ్త. ఈ మనిషిని లేపు."

అని కళ్ళు తెరిచి నా వైపు చూసింది. నేనూ చూస్తున్నాను.

"ఇన్నవా?" అంది.

తల అడ్డంగా ఊపవచ్చు. నీళ్ళు కావాలా అని నర్సు అడిగితే నిలువుగా ఊపేవాణ్ణి, వద్దంటే అడ్డంగా ఊపేవాణ్ణి. ఊపలేదు. ఎందుకని చాలా రోజులు వెతికాను. బతకాలన్న ఆశ కాదు, అప్పుడు ఆశ కూడా లేదు. ఆ మాట నా లోపల ఎక్కడా తగల్లేదు, అంతే. ఎవరో ఎవరి గురించో మాట్లాడుకుంటున్నట్టు విన్నాను. శాంత కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

తరువాత జబ్బు ఆగింది. మెల్లగా దిగడం మొదలైంది. డాక్టర్లు మందు అన్నారు. శాంత మాత్రం తన లెక్క తాను వేసుకుంది. వార్డులో ఇద్దరు మొగవాళ్ళు. ఒకరికి మేక, ఒకరికి మనిషి. ఎవరు లేచారో చూసుకుంది.

ఏప్రిల్, మే

ఇంటికి తెచ్చారు. గ్లాసు పట్టుకోలేను, బొత్తాం పెట్టుకోలేను. కరుణ పరీక్షలు రాసి వచ్చి నాకు అన్నం తినిపించేది. మాట వచ్చింది కానీ బొంగురుగా, వేరేవాడి మాటలా వచ్చింది. చూడటానికి వచ్చినవాళ్ళందరూ నన్ను కాక కరుణను చూసేవారు. "గీ పిల్లేనా? ధన్యురాలు," అనేవారు. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. శాంత ఆ మొక్కు సంగతి సంఘమంతా చెప్పింది. మా పాస్టర్ అయ్యగారు కోస్తా దిక్కు ఎక్కడో ఉన్న శిక్షణ పాఠశాలకు ఫోన్ కూడా చేశారు. ఆగస్టులో ఒక ఆదివారం పిల్లను ప్రతిష్ఠించడం, మరుసటి రోజు రైలెక్కించడం.

ప్రతిష్ఠ అంటే ఏమిటో నాకు తెలుసు. పాత్రను పక్కన పెట్టడం. ఇక అది ఇంటి వంటకు కాదు, ఒక్క పనికే. మంచిదే. దానికోసమే నేను చిన్నతనంలో కాళ్ళరిగేలా తిరిగాను. కానీ పక్కన పెట్టడంలో ఇంకోరకం కూడా చూశాను. నా పడుచు రోజుల్లో బోధన్ హోటళ్ళలో మా వాడవాళ్ళ కోసం గోడ గూట్లో వేరే గ్లాసులు ఉండేవి. అవీ పక్కన పెట్టినవే. ఆ గ్లాసును ఎవరూ అడగలేదు, గూట్లో ఉంటావా అని. అడిగి పక్కన పెట్టినదానికీ, అడగకుండా పెట్టినదానికీ తేడా మా సంఘంలో అందరికంటే మా తరానికే బాగా తెలియాలి. ఎవరూ ఎత్తలేదు ఆ మాట. ధన్యురాలట.

జూన్

కరుణ పాసైంది. రుద్రూరులో వ్యవసాయం చదువుకు సీటు వచ్చే మార్కులే. ఫోన్‌లో చూసుకుని మళ్ళీ లోపలికి పోయి అంట్లు తోముకుంది. నేను శాంతను పిలిచాను.

"పిల్లనడిగినవా?"

"ఏమని అడగాలె? మాటిచ్చిన. అయిపోయింది."

"నీ పానం ఇస్తానంటే నీ ఇష్టం. దాని బతుకు నువ్వెట్ల ఇస్తవే?"

"నువ్వట్ల ఒర్రకు. ఛాతీ నొస్తది." ఆమె నా పక్కన కూర్చుంది. కోపంగా లేదు. "నీకేం ఎరుక? నువ్వు పండుకున్నవ్. నేను వరండాల కూసున్న. ఒక్కో మనిషి బయటికి వస్తుంటే ముసుగేసి వస్తున్నరు. నేను ఒక్కో ముసుగు ఎత్తి సూసిన, నువ్వేమోనని. గప్పుడు నా దగ్గర ఏమున్నది ఇచ్చేటందుకు? బంగారమా? పొలమా? గా పిల్లొక్కటే ఉన్నది."

ఆమె నా కాళ్ళ వైపు చూసింది.

"మాట తప్పితే మల్ల ఎక్కుతది," అంది. "ఈసారి ఛాతీ కాడ ఆగది."

ఆమె భయం అది. దానికి వాదం లేదు. నేను చదివినదంతా ఆ ముసుగుల ముందు ఎందుకూ పనికి రాలేదు.

కరుణను వేరుగా అడిగాను. కొత్తిమీర తుంచుతూ తల ఎత్తకుండా చెప్పింది.

"నాకు పోవాల్నని లేదు తాతా. పోకపోతే నువ్వు మల్ల పడిపోతవని బుగులు. రెండూ ఉన్నయ్. నువ్వు పడిపోయే బుగులే జర పెద్దగున్నది. అందుకే పోత."

"నేను పడిపోయేది నీ వల్ల కాదు బిడ్డా."

"నాకెరుకే. నువ్వు పడిపోయినంక అవ్వ మొహం ఎట్ల సూడాలె మరి?"

జూలై

అయ్యగారు వచ్చారు. చిన్నవాడు, మంచివాడు, చెడ్డవాడని రాస్తే అబద్ధం అవుతుంది. మూడుసార్లు ఆస్పత్రికి వచ్చి శాంతకు టిఫిన్ తెచ్చి ఇచ్చినవాడు. నేను అతనితో మొక్కు చెల్లదన్నాను. భార్య మొక్కుకుంటే భర్త విన్నప్పుడు కాదంటే అది కొట్టివేయబడుతుందని బైబిల్లో పాత కట్టడ, అంటే నియమం, ఉందన్నాను. ఇంటికి పెద్దను నేను, కాదంటున్నాను.

అతను నా చేయి పట్టుకున్నాడు.

"బాపూ, గది నాకు గూడ ఎరుకే. కాదనేది విన్న దినమే అనాలె. విని ఊకుంటే మొక్కు నిలబడతది. అమ్మ చెప్పింది, నువ్వు విన్నవంట. కండ్లు తెరిచి ఉన్నవంట."

"నా మూతికి మాస్క్ ఉండె."

శాంత గుమ్మం దగ్గర నిలబడి ఉంది. నెమ్మదిగా అంది: "తల ఊపుతుండె. అయ్యగారూ, నీళ్ళొద్దంటే ఊపుతుండె."

అయ్యగారు ప్రార్థన చేసి, టీ తాగి వెళ్ళిపోయారు.

మరునాడు కరుణతో ఆ కట్టడ చదివించుకున్నాను. నా వేళ్ళకు కాగితం తెలియదు, ఒక పేజీ తిప్పబోతే నాలుగు తిరుగుతాయి. అందుకని పుస్తకం కరుణ ఒళ్ళో ఉంటుంది, నేను వింటాను. భార్య మొక్కు, భర్త వినడం, విన్నరోజే కాదంటే చెల్లకపోవడం, ఊరకుంటే నిలిచిపోవడం. అయ్యగారు చెప్పినట్టే ఉంది. తరువాత చివర ఇంకొక్క మాట ఉంది. ఇన్నేళ్ళు చదివి కూడా నేను ఆ మాట మీద ఆగలేదు. విని ఊరకున్న భర్త తరువాత ఎప్పుడైనా కాదంటే మొక్కు పోతుంది, కానీ ఆమె దోషం అతను మోయాలి.

కరుణ అక్కడి దాకా చదివి ఆగింది. నా మొహం చూసింది. పుస్తకం మూసేసింది.

"ఇగ సాలు తాతా."

"మల్లొకసారి సదువు."

"సదువ." లేచి వెళ్ళి పుస్తకం బీరువా మీద పెట్టింది, నాకు అందనంత పైన.

ఆగస్టు

ఆ ఆదివారం వాన పడుతోంది. చర్చి మా ఇంటికి దగ్గరే, అయినా ఆటో పెట్టారు. నేను వాకర్ పట్టుకుని నడిచాను. కరుణ తెల్ల చీరలో ఉంది. శాంతే కట్టింది, కుచ్చిళ్ళు సర్ది పిన్ను పెట్టింది. ఆ చీరలో పిల్ల మా బిడ్డలా కనిపించింది. ఏదో ఒకటి అనిపించాలి నాకు. ఏమీ లేదు. తడిసిన చెప్పుల వాసన, ఫ్యాను చప్పుడు.

అయ్యగారు నూనె సీసా పట్టుకుని, ఇంటి పెద్ద వచ్చి పిల్లను ఒప్పగించాలన్నారు. నేను లేచాను. లేవడానికి చాలాసేపు పట్టింది, అందరూ ఓపిగ్గా చూశారు.

"నేను ఒప్పగిస్తలేను," అన్నాను.

చర్చిలో ఎవరో దగ్గారు.

"నా భార్య మొక్కింది. నేను విన్న. ఊకున్న. అయ్యగారు చెప్పినట్టు మొక్కు నిలబడ్డది. గిప్పుడు కాదంటున్న. ఆలస్యంగ కాదంటే దోషం మొగని మీద పడతదని గా కట్టడలనే ఉన్నది. పడనీ. నా మీదనే పడాలె. శాంత మీద వద్దు, పిల్ల మీద వద్దు."

అయ్యగారి మొహం ఎర్రబడింది. మెల్లగా, నాకే వినపడేట్టు అన్నారు: "బాపూ, గవి పాత కట్టడలు. మనం కృపల ఉన్నం. గిట్లాంటి మాటలు మీదికి తెచ్చుకోవద్దు."

"మొక్కు నిలబడతదనేటప్పుడు పాతది పనికొచ్చింది గద అయ్యగారూ. పట్టుకుంటే మొత్తం పట్టుకోండ్రి. ఇడిస్తే మొత్తం ఇడువుండ్రి. ఎటు జేసినా పిల్ల ఇంటికే వస్తది."

ఆయన నూనె సీసా వైపు చూశారు, కరుణ వైపు చూశారు. సీసా మూత పెట్టారు. పాట ఎత్తండి అన్నారు. పాట ఎవరూ సరిగా అందుకోలేదు.

శాంత ఏడవలేదు. కొంగు తల మీదికి లాక్కుని చాప మీద అట్లాగే కూర్చుంది. ఆటోలో మాత్రం అంది:

"అంటే నువ్వు పోతవన్నట్టు."

"ఎప్పుడన్న పోయేటోన్నే గదనే."

"గట్ల కాదు. నేను అడిగి తెచ్చుకున్న. నువ్వు వాపస్ ఇచ్చేసినవ్."

నాకు తెలిసినంతలో దేవుడు బేరగాడు కాడు, మనిషిని లేపి బిల్లు పంపడు. నేను నమ్మేది అదే. అయితే నమ్మకం తలలో ఉంటుంది, భయం ఒంట్లో ఉంటుంది. శాంత ఒంట్లోంచి దాన్ని తీయడం నాకు చేతకాలేదు. తీయలేను కాబట్టి దాన్ని పిల్ల మీద నుంచి నా మీదికి మార్చాను. అంతే నేను చేసింది. దీన్ని సాక్ష్యం అంటారో, తిరుగుబాటు అంటారో సంఘం తేల్చుకోనీ. కొంతమంది మాట్లాడటం మానేశారు.

మీకు చెప్పేది ఇది. వరండాలో కూర్చున్నప్పుడు మీ భయం మీది. దేవుణ్ణి అడగండి, ఏడవండి, తిట్టండి. మీ జుట్టు ఇవ్వండి, మీ నిద్ర ఇవ్వండి. అక్కడ లేని మనిషిని మాత్రం ఇవ్వకండి. తనంతట తాను లేచి నన్ను తీసుకో అన్నవాడిని దేవుడు పక్కన పెట్టుకుంటాడు. అట్లా అడిగినవాడిని వాకిట్లో నిలబెట్టి, అడగని పిల్లకు చీర కట్టకండి.

ఇప్పుడు

చలి మొదలైంది. చెరకు కోతలు మళ్ళీ వచ్చాయి. కరుణ రోజూ పొద్దున్నే రుద్రూరు బస్సెక్కుతుంది, గోళ్ళలో మట్టితో తిరిగి వస్తుంది. ఇంట్లో తక్కువ మాట్లాడుతుంది. నేను వాకర్ వదిలేసి కట్టెతో నడుస్తున్నాను, వేళ్ళు కలం పట్టే దాకా వచ్చాయి.

శాంత కొత్త అలవాటు ఒకటి పెట్టుకుంది. టీ ఇవ్వకముందే వచ్చి మంచం చివర కూర్చుంటుంది. చీపురు పుల్ల ఒకటి విరిచి తెస్తుంది. నన్ను వెల్లకిలా పడుకోమని, దుప్పటి కింద నా అరికాలి మీద పుల్లతో గీస్తుంది.

"తెలుస్తుందా?"

"తెలుస్తుంది."

"ఏ కాలు?"

"కుడిది."

"గిప్పుడు?"

"ఎడమది. సక్కిలిగింతలు పెట్టకు."

అప్పుడు ఆమె ముఖం కొంచెం వదులవుతుంది. కరుణకు అన్నం డబ్బా కట్టడానికి లోపలికి పోతుంది.

మొద్దుబారడం కొంత మిగిలిపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. ఇది అదేనో, ఇంకొకటో నాకు తెలియదు. వచ్చే వారం చూపించుకుంటాను. శాంతకు చదువు రాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. చదివినవాళ్ళెవరూ ఆమెకు చెప్పవద్దు. పుల్ల నాకు తెలియదు. ఆమె భుజం ఏ పక్కకు వంగుతుందో చూసి చెబుతాను. ఇప్పటిదాకా తప్పు చెప్పలేదు.